బాడుగ సైకిలు మళ్లీ రావాలి

పారిస్‌లో చదరపు కిలోమీటరుకు సుమారు 20 వేలమంది నివసిస్తారు. 2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో 18 వేల పైచిలుకు. జనసాంద్రతలో రెండు నగరాలూ ఇంచుమించు సమానమే. పారిస్‌లో 2007 జులైలో మొదలైన వెలిబ్ బాడుగ సైకిళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయి. హైదరాబాద్‌లో 2017 నవంబరులో మెట్రో వచ్చాక స్టేషన్ల దగ్గర పెడల్, స్మార్ట్‌బైక్ పేర్లతో పెట్టిన సైకిళ్లు మాత్రం వేళ్లూనుకోలేదు. ఎందుకని?

స్టాండు దగ్గరుండాలి

ఒకచోట తీసుకున్న సైకిలును మరోచోట వదిలేసే పద్ధతి నడవాలంటే, మనం వెళ్లే చోటుకు దగ్గర్లోనే ఇంకో స్టాండు ఉండాలి. వెలిబ్ స్టాండ్లు దాదాపు 300 మీటర్లకు ఒకటి. రవాణా రంగంలో పనిచేసే ఐటీడీపీ సంస్థ తన మార్గదర్శినిలో చదరపు కిలోమీటరుకు 10 నుంచి 16 స్టాండ్లు ఉండాలని చెప్పింది. మెట్రో స్టేషన్ల మధ్య సుమారు కిలోమీటరు దూరం. సైకిళ్లు ఆ దారి పొడవునే ఉండిపోతే, లోపలి బస్తీలో ఇల్లున్న మనిషికి వాటితో పనేముంది? రోడ్డు మీద బస్సుల, బైకుల మధ్య సైకిలుకు చోటు చూపించకపోవడం మరో దెబ్బ. జనం ఎంత కిక్కిరిసి ఉన్నా, స్టాండ్లు పలచబడితే ఈ ఏర్పాటు నిలబడదు.

మైసూరులోనూ 2017 జూన్‌లో ఇలా స్టాండ్లతోనే ట్రిన్ ట్రిన్ అనే సైకిళ్ల పథకం మొదలైంది. 450 సైకిళ్లు, 48 స్టాండ్లు. మన దేశంలో ఈ దారిలో తొలి అడుగులు వేసిన నగరాల్లో అదొకటి.

మరి పెద్దమండ్యం సంగతి?

2011 లెక్కల్లో ఉమ్మడి చిత్తూరు జిల్లా జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 275. ఆ జిల్లాలోని పెద్దమండ్యం వైపు పల్లెకూ పల్లెకూ మధ్య చేలు, గుట్టలు. ఇక్కడ 300 మీటర్లకో స్టాండు పెడితే సైకిళ్లు తుప్పు పట్టడం ఖాయం.

అయినా సైకిలును పదిమంది పంచుకోవడం మన సీమకు కొత్త కాదు. ఒకప్పుడు బజారులో బాడుగ సైకిళ్ల అంగడి ఉండేది. మడ్‌గార్డు మీద పెయింటుతో నంబరు, నోటుబుక్కులో పేరూ తీసుకెళ్లిన టైమూ, గంటల లెక్కన బాడుగ. తెలిసిన మొహమైతే చాలు, అదే హామీ. గాలి కొట్టేదీ, పంక్చర్ వేసేదీ ఆ అంగడాయనే. తీసుకున్న చోటే తిరిగి ఇవ్వాలి కాబట్టి రెండో స్టాండు అవసరమే లేదు. జనం పలచగా ఉన్న చోట అది నిలబడడానికి కారణం ఇదే.

నెదర్లాండ్స్‌లో 2003 నుంచి నడుస్తున్న ఓవీ ఫీట్స్ అనే బాడుగ సైకిళ్ల సూత్రమూ ఇదే. రైలు దిగి స్టేషన్‌లో సైకిలు తీసుకుంటారు, పని చూసుకుని అక్కడికే తెచ్చి ఇస్తారు. పాతకాలం పద్ధతి అని మనం వదిలేసిన దాన్ని వాళ్లు జాతీయ రైలు ప్రయాణంలో భాగం చేసుకున్నారు.

మన ఊళ్లకు కావలసింది ఇదే. కుప్పం రైల్వే స్టేషన్‌లో దిగి, ఊరి వెలుపల శ్రీనివాసవనంలోని ద్రావిడ విశ్వవిద్యాలయానికి వెళ్లే విద్యార్థికి సైకిలు అందాలి. మదనపల్లె, పుంగనూరు బస్టాండ్లలో దిగి ఆసుపత్రికో ఆఫీసుకో వెళ్లేవాళ్లకు ఆటో ఖర్చు తగ్గాలి. పెద్దమండ్యంలో బస్సు దిగి లోపలి పల్లెకు నడిచే ఆడపిల్లకు సాయంత్రం తీసుకెళ్లి పొద్దున తెచ్చిచ్చే వీలుండాలి. సీటీఎం దగ్గరున్న మదనపల్లె రోడ్డు స్టేషన్ నుంచి ఊళ్లోకైతే బస్సే మేలు. అంత దూరం సైకిలు మీద రుద్దకూడదు.

దీనికి యాప్‌లూ ఎలక్ట్రానిక్ తాళాలూ కావాలని కూర్చోనక్కర్లేదు. బస్టాండులో పది సైకిళ్లు పట్టే నీడ, అందరికీ అందే బాడుగ, రిపేరు తెలిసిన స్థానికుడికి నెలనెలా జీతం చాలు. మున్సిపాలిటీలు, పంచాయతీలు, ఆర్టీసీ కలిసి ముందు ఒక్క బస్టాండులో మొదలుపెట్టాలి. మహానగరం నమూనా వచ్చేదాకా చిన్న ఊళ్లు ఎదురుచూడాల్సిన పనిలేదు. మన జనాభాకు, మన దూరాలకు సరిపోయే పద్ధతి మన బజారులోనే పుట్టి పెరిగింది.