వేడినీళ్ళు పోసుకుంటే కన్ను మసకబారేది

మా పెద్దమ్మ వాళ్ళది రాయవరం. పెద్దమ్మ కూతురు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పేరు రాయొద్దంది, రాయడం లేదు. మిగతాదంతా రాసుకోమంది.

అక్క డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా ఒకరోజు పొద్దున్న లేచేసరికి కుడికన్ను మసగ్గా ఉంది. ఆ కంటితో చూస్తే ఎరుపు రంగు వెలిసిపోయిన చీరలా కనపడేదట. కన్ను అటూ ఇటూ తిప్పితే లోపల నొప్పి. కళ్ళజోళ్ళ షాపులో చూపించి అద్దాలు రాయించారు. మూడు వారాలకి చూపు దానంతటదే వచ్చేసింది, అద్దాలు బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఏడాది తరవాత కాళ్ళు తిమ్మిర్లు, నడుం చుట్టూ ఎవరో గుడ్డ బిగించి కట్టినట్టు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు బి12 ఇంజక్షన్లు వేశారు. అదీ నెలకి తగ్గింది. తగ్గింది కాబట్టి ఇంజక్షన్లే పనిచేశాయనుకున్నాం. ఇంతలో ఇంకో వింత. తలంటుకుని వేడివేడి నీళ్ళు పోసుకుంటే ఆ కుడికన్ను మళ్ళీ మసకబారేది, ఫ్యాను కింద అరగంట కూర్చుంటే సర్దుకునేది. అమ్మమ్మ దిష్టి తీసింది.

మూడోసారి కాలు ఈడ్చి నడవడం మొదలయ్యాక కాకినాడ తీసుకెళ్ళారు. అక్కడ నరాల డాక్టరు గారు కాలు చూడకముందే అడిగిన ప్రశ్న: "ఇంతకుముందు ఎప్పుడైనా ఒక కన్ను మసకబారి తగ్గిందామ్మా?" పెద్దమ్మకి ఒళ్ళు ఝల్లుమందట. కాలుకీ కంటికీ సంబంధం ఏమిటి? ఎంఆర్‌ఐ తీశారు, వెన్నులో నీరు తీసి పరీక్షకి పంపారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేల్చారు. ఎం.ఎస్. అంటారు.

మొదటి మసకకీ ఆ ప్రశ్నకీ మధ్య రెండేళ్ళు గడిచాయి. ఈ జబ్బులో ఆ రెండేళ్ళ ఖరీదు ఎంతో నాకు తరవాత చదివితే గానీ తెలియలేదు. అందుకే ఇది రాస్తున్నా.

నాది ట్రిపులీ కాబట్టి వైరు దగ్గరే మొదలుపెడతాను. మెదడు నుంచి కాలి వేలి దాకా సమాచారం మోసేది నాడీ కణం తాలూకు పొడవాటి తీగ, దాని పేరు ఆక్సాన్. దాని చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది, అది మయెలిన్. మన ఇన్సులేషన్ టేపు చుట్టినట్టే పొరలు పొరలుగా చుట్టుకుని, మధ్యమధ్యలో చిన్న చిన్న ఖాళీలు వదిలి ఉంటుంది. సిగ్నల్ ఆ ఖాళీ నుంచి ఈ ఖాళీకి గెంతుతూ పోతుంది. పొర లేని నరంలో వేగం సెకనుకి ఒక మీటరు అటూ ఇటూ. మంచి పొర ఉన్న లావుపాటి నరంలో వంద మీటర్ల దాకా. మెదడు, వెన్నుపాము, కంటి నరం - ఈ మూడింటిలోని మయెలిన్‌ని మన సొంత రోగనిరోధక వ్యవస్థే కొరికెయ్యడం ఎం.ఎస్. కంటి నరం అసలు మెదడులో భాగమే, బయటికి చాచిన కొమ్మ లాంటిది. డాక్టరు గారు కాలు వదిలి కన్ను అడగడం అందుకే.

ఇప్పుడు వేడినీళ్ళ సంగతి. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇదే. ఆరోగ్యంగా ఉన్న నరంలో ఒక ఖాళీ దగ్గర పుట్టే కరెంటు, తరవాతి ఖాళీని రగిలించడానికి కావాల్సినదానికంటే చాలా రెట్లు ఎక్కువ ఉంటుంది. అంటే మన భాషలో సేఫ్టీ ఫ్యాక్టర్ దండిగా ఉందన్నమాట. పొర ఊడిన చోట కరెంటు లీకవుతుంది, సేఫ్టీ ఫ్యాక్టర్ ఒకటికి కాస్త పైన వేలాడుతూ ఉంటుంది. ఒంటి వేడి పెరిగితే సోడియం ఛానళ్ళు తొందరగా మూసుకుంటాయి, పల్స్ సన్నబడుతుంది, అది మోసుకుపోయే ఛార్జి తగ్గుతుంది. సేఫ్టీ ఫ్యాక్టర్ ఒకటి కిందికి దిగిందా, సిగ్నల్ అక్కడే ఆగిపోతుంది. దీనికి ఒక్కోసారి అర డిగ్రీ చాలు. చల్లబడితే మళ్ళీ పోతుంది. కొత్తగా పాడయ్యేదేమీ ఉండదు, ఉన్న పాతగాయం బయటపడుతుందంతే.

దీన్ని 1890లో జర్మన్ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ రాసిపెట్టాడు, ఆయన పేరే ఉండిపోయింది. ఎంఆర్‌ఐ రాకముందు, రోగిని వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి చూపు తగ్గుతుందేమో చూసి ఎం.ఎస్. అని అనుమానించేవాళ్ళు. మా అక్క రాయవరంలో ప్రతి ఆదివారం బాత్రూంలో ఆ పరీక్ష తనకి తెలియకుండానే చేసుకుంది. ఫలితం చదివేవాళ్ళే లేరు.

జబ్బుకి రూపం ఇచ్చింది ఫ్రెంచి వైద్యుడు షార్కో, 1868లో, పారిస్‌లో. చనిపోయినవాళ్ళ మెదడులో అక్కడక్కడా గట్టిపడిన మచ్చలు చూసి, వాటిని బతికున్నప్పటి లక్షణాలతో జతచేశాడు. స్క్లెరోసిస్ అంటే గట్టిపడటం, మల్టిపుల్ అంటే చాలాచోట్ల. పేరులో ఇంకేమీ లేదు.

ఎక్కువమందిలో ఇది వచ్చి పోతూ ఉంటుంది. దాడి జరిగినప్పుడు వాపు, తరవాత వాపు దిగిపోతుంది, ఊడిన పొర కొంత మళ్ళీ పడుతుంది, మెదడు వేరే దారుల్లో పని నడిపించుకుంటుంది. మనిషి లేచి తిరుగుతాడు. ఇక్కడే మోసపోతాం. 1998లో బ్రూస్ ట్రాప్ బృందం రోగుల మెదడు కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, దాడి జరిగిన మచ్చల్లో పొర ఊడటంతో పాటు లోపలి తీగలే తెగిపోయి ఉన్నాయని, అదీ జబ్బు తొలి దశల్లోనే జరుగుతోందని చూపించింది. టేపు మళ్ళీ చుట్టొచ్చు. మెదడులో తెగిన తీగ మళ్ళీ అతకదు. మెదడుకి స్పేర్ దారులు చాలా ఉంటాయి కాబట్టి మొదట్లో తేడా తెలియదు, ఒక్కో దాడికీ కొన్ని ఖర్చవుతూ ఉంటాయి. స్పేర్లు అయిపోయాక దాడులు లేకుండానే నడక ఏడాదికేడాది నెమ్మదిస్తుంది. ఆ దశకి వెళ్ళాక మందుల ప్రభావం బాగా తక్కువ. అక్క రెండేళ్ళలో ఎన్ని తీగలు పోయాయో లెక్కలేదు.

సరే, ఎందుకొస్తుంది? 2022 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ ప్రశ్న మీద ఇప్పటిదాకా వచ్చిన వాటిలో గట్టిది. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీయువకుల రికార్డులు, వాళ్ళ దగ్గర క్రమంగా తీసి దాచిన రక్తం చూశారు. ఎం.ఎస్. వచ్చిన 801 మంది నమూనాల్లో 800 మందికి ఎప్‌స్టైన్-బార్ వైరస్ సోకి ఉంది. ఆ వైరస్ సోకాక ఎం.ఎస్. ముప్పు 32 రెట్లు పెరిగింది, మిగతా వైరస్‌లతో అలా పెరగలేదు. అదే నెల నేచర్ పత్రికలో వచ్చిన ఇంకో పేపరు కారణం ఒకటి చూపించింది: వైరస్ తాలూకు ఒక ప్రోటీన్ ముక్క, మెదడులోని ఒక ప్రోటీన్ ముక్క దాదాపు ఒకేలా ఉన్నాయి. దొంగ కోసం తయారైన యాంటీబాడీ ఇంటివాణ్ణి పట్టుకుంటోంది.

ఇది చదివి నాకు వచ్చిన మొదటి డౌటు: ఆ వైరస్ మన దగ్గర ఎవరికి సోకలేదు? ఎంగిలితో వ్యాపిస్తుంది. ఒకే గ్లాసులో నలుగురు తాగే ఇళ్ళలో చిన్నప్పుడే, జలుబంత కూడా లేకుండా, దాదాపు అందరికీ వచ్చి పోతుంది. అలాగైతే కోనసీమ అంతా ఎం.ఎస్. ఉండాలి కదా. కానీ చలిదేశాల్లో లక్షకి వంద, రెండొందల మందికి ఉండే జబ్బు మన దేశంలో చాలా తక్కువ. మంగళూరులో లేఖా పండిట్ బృందం లెక్కేస్తే లక్షకి ఎనిమిది మంది దాకా తేలింది. కాబట్టి వైరస్ తలుపు తీస్తుంది, లోపలికి రావడానికి ఇంకా ఏవో కావాలి. ఎప్పుడు సోకిందన్నది ఒకటి. చిన్నతనంలో కాక టీనేజీలో సోకి, గ్రంథుల జ్వరంగా బయటపడ్డవాళ్ళలో ముప్పు ఎక్కువ. ఎండ, విటమిన్ డి ఇంకొకటి. పొగతాగడం ఒకటి (హాస్టల్ వెనక గోడ బ్యాచ్‌కి నమస్కారం). జన్యువులు మరొకటి. బొంబాయి, పూనా పార్సీల్లో ఈ జబ్బు మిగతా జనంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువని మన దేశంలోనే ఎప్పుడో గుర్తించారు.

వలస సంగతి మన తెలుగువాళ్ళకి బాగా దగ్గరది. 1990లో ఇంగ్లండ్‌లో ఎలియన్, నైటింగేల్, డీన్ అనే ముగ్గురు, మన ఉపఖండం నుంచి వెళ్ళినవాళ్ళనీ అక్కడే పుట్టిన వాళ్ళ పిల్లల్నీ పోల్చారు. పెద్దవాళ్ళలో ఎం.ఎస్. అరుదు. పిల్లల్లో అక్కడి తెల్లవాళ్ళకి దగ్గరగా ఉంది. అవే జన్యువులు, వేరే బాల్యం. డల్లాస్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో పుడుతున్న మన వాళ్ళ పిల్లల్లో ఒకరికి కన్ను మసకబారితే, "మన వాళ్ళకి రాదులే" అన్న మాట ఇక చెల్లదు.

ఇక్కడైనా అరుదు అన్న మాటలో ఎంత నిజం, ఎంత ఎంఆర్‌ఐ లేకపోవడం? స్కానింగులు పెరిగేకొద్దీ లెక్కా పెరుగుతోంది. ఇంకో చిక్కుంది. ఆసియాలో ఎం.ఎస్. అనుకున్న కేసుల్లో కొన్ని అసలు ఎం.ఎస్. కాదు. కంటి నరాన్నీ వెన్నుపామునీ పట్టే ఎన్ఎంఓ అనే వేరే జబ్బుందని, దానికి సొంత యాంటీబాడీ ఉందని 2004లో తేలింది. రక్తపరీక్షతో పట్టుకోవచ్చు. పట్టుకోవాలి కూడా, ఎందుకంటే ఎం.ఎస్.కి వాడే కొన్ని మందులు దాన్ని ముదరబెడతాయి. అక్కకీ ఆ పరీక్ష చేశారు, నెగటివ్ వచ్చింది.

మందుల్లో రెండు రకాలు. దాడి వచ్చినప్పుడు మూడు నుంచి ఐదు రోజులు నరంలోకి ఎక్కించే స్టెరాయిడ్ వాపుని తొందరగా దించుతుంది, అంతే. రాబోయే దాడుల్ని ఆపేవి వేరు. 1993లో అమెరికాలో ఇంటర్‌ఫెరాన్ వచ్చేదాకా అసలు అలాంటి మందే లేదు.

వాటిలో గ్లాటిరమర్ కథ సినిమాకి సరిపోతుంది. 1960ల చివర్లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మైఖేల్ సేలా, రూత్ ఆర్నన్, డ్వోరా టైటెల్‌బామ్ మయెలిన్‌లోని ఒక ప్రోటీన్‌ని పోలిన పాలిమర్లు తయారుచేశారు. ఉద్దేశం, జంతువుల్లో ఎం.ఎస్. లాంటి జబ్బు తెప్పించి చూడటం. జబ్బు రాలేదు. పైపెచ్చు, వేరేగా జబ్బు తెప్పించిన జంతువుల్ని అది కాపాడింది. ప్రయోగం ఫెయిలయితే మనం రికార్డులో కొట్టేసి పక్కవాడి రీడింగులు కాపీ కొడతాం, వాళ్ళు ఆ ఫెయిల్యూరు వెంట పాతికేళ్ళు పోయారు. 1996లో అది అమెరికాలో మందుగా ఆమోదం పొందింది. నాలుగే అమైనో ఆమ్లాలు, కానీ గొలుసులో వరస ర్యాండమ్. ఏ రెండు అణువులూ ఒకేలా ఉండవు, కాబట్టి కాపీ తయారుచెయ్యడం కెమికల్ ఇంజనీర్లకి తలనొప్పి. ఆ తలనొప్పి భరించిన వాళ్ళలో మన హైదరాబాద్ నాట్కో ఫార్మా ఒకటి. మైలాన్‌తో కలిసి చేసిన జనరిక్‌కి 2017 అక్టోబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

రెండో హైదరాబాద్ కథ రిటుక్సిమాబ్. క్యాన్సర్ కోసం పుట్టిన యాంటీబాడీ, బి కణాల్ని తుడిచేస్తుంది. ఎం.ఎస్.లో ఒక్క కోర్సుతో కొత్త మచ్చలు బాగా తగ్గాయని 2008లో తేలింది. కానీ కంపెనీ దాని తమ్ముడు లాంటి ఓక్రెలిజుమాబ్ వైపు మళ్ళి, 2017లో ఆమోదం తెచ్చుకుంది. ధర ఆకాశంలో. పాత మందు మాత్రం డబ్బా మీద ఎం.ఎస్. అని రాయకుండానే వాడుకలో ఉండిపోయింది. స్వీడన్‌లో చాలామందికి అదే ఇస్తారు. దాని బయోసిమిలర్‌ని 2007లోనే డాక్టర్ రెడ్డీస్ మన దేశంలో విడుదల చేసింది. 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మొదటిసారి ఎం.ఎస్.కి మందులు చేర్చింది. మూడు: క్లాడ్రిబిన్, గ్లాటిరమర్, రిటుక్సిమాబ్. మూడింట్లో రెండు హైదరాబాద్ కంపెనీలు తయారుచేస్తున్నవే.

మందు మన రాష్ట్రాల మధ్యే దొరుకుతోంది. రాయవరం నుంచి ఆ మందు దాకా దారిలో కళ్ళజోళ్ళ షాపు, బి12 ఇంజక్షను, దిష్టి మూడూ ఉన్నాయి.

అక్కకి ఇప్పుడు ఆరునెల్లకోసారి రిటుక్సిమాబ్ ఎక్కిస్తున్నారు. ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు చేస్తారు, ఎందుకంటే బి కణాలు లేకపోతే నిద్రపోతున్న ఇన్ఫెక్షన్లు లేస్తాయి. మొదలుపెట్టాక కొత్త మచ్చ రాలేదు. పోయింది మాత్రం పూర్తిగా రాలేదు, మెట్లు దిగేటప్పుడు కుడికాలు కాస్త తడబడుతుంది. మే నెలలో కరెంటు పోతే తడితువ్వాలు మెడ చుట్టూ వేసుకుని కూర్చుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఎం.ఎస్. ఉందని నేను చెప్పేదాకా ఇంట్లో తెలియదు. ఇప్పుడు పరీక్షల్లో అదనపు సమయం కోసం సర్టిఫికెట్‌కి తిరుగుతోంది.

ఇంట్లో అందరికీ ఉన్న ప్రశ్న వేరే. పెళ్ళి. ఎవరూ పైకి అడగరు, పెద్దమ్మ డాక్టరు గారిని పక్కకి పిలిచి అడిగింది. తల్లికి ఎం.ఎస్. ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం నూటికి రెండు. గర్భం ఆఖరి నెలల్లో దాడులు తగ్గుతాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలలు పెరుగుతాయి. యూరప్‌లో గర్భిణుల్ని వెంబడించి చూసి 1998లో తేల్చిన సంగతి ఇది. మందుని బట్టి ప్లాన్ చేసుకోవాలి, అంతేగానీ వద్దనడానికి కారణం లేదన్నారాయన. సంబంధం వచ్చినవాళ్ళకి ముందే చెప్తానని అక్క అంది. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఆ గొడవ ఇంకా తేలలేదు.

మొన్న మా క్లాస్‌మేట్ ఒకడు ఎడమకన్ను మసకగా ఉందంటే ఫోనులో అక్కకి చెప్పాను. "కన్ను తిప్పితే నొప్పుందేమో అడగరా, ఎర్రపెన్ను క్యాప్ రెండు కళ్ళతోనూ విడివిడిగా చూపించు" అంది. నొప్పి లేదు, రంగు రెండింటికీ ఒకేలా ఉంది. అయినా కంటి డాక్టరు దగ్గరికి పంపించాం. వాడికి నిజంగానే అద్దాలు పడ్డాయి.