పంటికి సిమెంట్ వేయించారా? ఇవి తెలుసుకోండి
రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం – తల్లిదండ్రులకు సమాచారం

ఎవరికి వర్తిస్తుంది?
పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలకు. అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో ఒకసారి వైద్య బృందం పరీక్షిస్తుంది. పిప్పి పన్ను ఉంటే ఆసుపత్రికి రాసిస్తారు. చికిత్స ఉచితం.

లీకేజీ అంటే ఏమిటి?
సిమెంట్‌కీ పంటికీ మధ్య ఏర్పడే సన్నని సందు. అది కంటికి కనబడదు, కానీ క్రిములకు ఆ దారి చాలు. పైకి సిమెంట్ బాగానే ఉంటుంది, అడుగున పన్ను మళ్ళీ పుచ్చిపోతుంది.

ఏ సిమెంట్ వేశారో డాక్టరుగారిని అడగండి
1. తాత్కాలిక సిమెంట్: లవంగ నూనె వాసన వస్తుంది. నొప్పి తగ్గుతుంది, కానీ పట్టు తక్కువ, త్వరగా అరిగిపోతుంది. నొప్పి పోయింది కదా అని ఊరుకోవద్దు. చెప్పిన తేదీకి వెళ్ళి అసలు సిమెంట్ వేయించండి.
2. గ్లాస్ అయనోమర్: పంటిలోని కాల్షియంతో కలిసి తనంతట తానే అంటుకుంటుంది. ఫ్లోరైడ్ కూడా వదులుతుంది. కొద్ది నిమిషాల్లో గడ్డకట్టినా, పూర్తిగా గట్టిపడటానికి సుమారు 24 గంటలు పడుతుంది.
3. కాంపోజిట్: పంటి రంగులో ఉంటుంది, నీలి లైటుతో గట్టిపరుస్తారు. పట్టు ఎక్కువ. అయితే గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది. అతికించే చోట ఉమ్మి తగిలితే పట్టు బాగా తగ్గి, అంచుల్లో సందు పడుతుంది.

మీరు చేయాల్సినవి
• డాక్టరుగారు దూది పెట్టినప్పుడు పాప గానీ బాబు గానీ నోరు మూయకుండా, నాలుక కదపకుండా చూడండి. పన్ను తడవకుండా ఉండే ఆ కొద్ది నిమిషాలే సిమెంట్‌కి ప్రాణం.
• గ్లాస్ అయనోమర్ వేశాక గంటసేపు ఏమీ తిననివ్వకండి. ఆ రోజంతా జంతికలు, వేరుశనగ చిక్కీ, చెరకు వద్దు.
• రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమించండి. సందు మొదలయ్యేది అంచుల దగ్గరే కాబట్టి అక్కడ శుభ్రంగా ఉండాలి.

ఎప్పుడు మళ్ళీ వెళ్ళాలి?
చల్లనీళ్ళు, తీపి తగిలితే పన్ను జివ్వుమంటున్నా, సిమెంట్ చుట్టూ నల్లగీత కనబడినా, నాలుకకు అంచు గీసుకున్నా, అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నా ఆలస్యం చేయకండి. రాత్రి నొప్పి, చిగురు వాపు ఉంటే అదే రోజు వెళ్ళండి.

"పాల పళ్ళే కదా, ఊడిపోతాయి" అనుకోవద్దు. పాల దవడ పళ్ళు 10–12 ఏళ్ళ దాకా ఉంటాయి. అన్ని రోజులూ పిల్లలు నమిలి తినాల్సింది వాటితోనే.

వెళ్ళేటప్పుడు పాత చీటీ తీసుకెళ్ళండి. చీటీ పోతే మీ ఆశా కార్యకర్తను గానీ అంగన్‌వాడీ టీచరును గానీ అడగండి.