గడ్డ ఆకలిని పట్టే స్కాన్

గడ్డ కరిగితేనే మందు పనిచేసినట్టా? హాడ్జ్‌కిన్ లింఫోమా క్యాన్సర్‌లో ఆ లెక్క కుదరదు. కణాలు చచ్చినా మిగిలిన మచ్చ సీటీ స్కాన్‌లో గడ్డలాగే కనిపిస్తుంది.

పెట్ స్కాన్ ఆ గడ్డ ఆకలిని పసిగడుతుంది. రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించిన గ్లూకోజ్‌లాంటి పదార్థాన్ని నరానికి ఎక్కించి, రోగిని గంటసేపు కదలకుండా పడుకోబెడతారు. కదిలితే కండరాలే దాన్ని లాగేసుకుంటాయి. బతికున్న క్యాన్సర్ కణాలు ఆబగా పీల్చుకుని తెరమీద వెలుగుతాయి. సుమారు 110 నిమిషాలకు ఫ్లోరిన్-18 సగమైపోతుంది గనుక తయారీ, రవాణా అన్నీ పరుగుల మీదే!

దీని విలువ 2016లో వెలువడిన రాథెల్ అనే పరిశోధనలో తేలింది. రెండు విడతల కీమో తర్వాత స్కాన్‌లో వెలుగు కనిపించనివారిలో కొందరికి, ఊపిరితిత్తులను దెబ్బతీసే బ్లియోమైసిన్ అనే కీమో మందును ఆపేశారు. జబ్బు అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఊపిరితిత్తులకు హాని మాత్రం తగ్గింది. రోగికి ఇది ఎంత ఊరట!

అయితే క్షయ సోకిన గ్రంథులూ ఇలాగే వెలుగుతాయి. మనదేశంలో క్షయ ఎక్కువ కాబట్టి, అనుమానం వస్తే ముక్క తీసి పరీక్షించక తప్పదు.