ఈ-మెయిల్ నుండి ఫ్యాక్స్‌కు : కార్యాలయ మెయిల్ సర్వరులో గేట్‌వే ఏర్పాటుపై వివరణ

మేడ్చల్-శామీర్‌పేట : కంప్యూటరులో తయారైన ఉత్తరమును కాగితముపై ముద్రించి, ఆ కాగితమును ఫ్యాక్స్ యంత్రములో పెట్టి, అవతలి లైను దొరికే వరకు సిబ్బంది నిలబడి మరల మరల డయల్ చేయడం ప్రభుత్వ కార్యాలయాలకు, పత్రికా కార్యాలయాలకు చిరపరిచితమైన పని. ఈ-మెయిల్ వ్యాప్తితో ఈ పని బాగా తగ్గినప్పటికీ, ఫ్యాక్స్ నంబరు మాత్రమే నమ్ముకొనిన చిరునామాలు ఇంకను కొన్ని మిగిలి ఉన్నవి. అట్టి వారికి ఈ-మెయిల్ రూపముననే పంపి, మార్గమధ్యమున దానిని ఫ్యాక్స్‌గా మార్చే ఏర్పాటును ఈ-మెయిల్-ఫ్యాక్స్ గేట్‌వే అని వ్యవహరిస్తారు.

మేడ్చల్, శామీర్‌పేట మండలాలు 2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడే వరకు రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా కలెక్టరు కార్యాలయం హైదరాబాదు నగరము నడుమ లక్డీకాపూల్‌లో ఉండేది. ఉత్తర్వు నగరము నుండి మండలమునకు, నివేదిక మండలము నుండి నగరమునకు చేరుటకు ఫ్యాక్స్ దగ్గరి దారి. మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా సమీకృత కార్యాలయ సముదాయం శామీర్‌పేట సమీపమున అంతాయిపల్లి వద్ద 2022 ఆగస్టు 17న ప్రారంభమైన పిమ్మట దూరము తగ్గినది గాని, పాత నంబర్ల జాబితాలు అంత త్వరగా మారవు. ఈ ప్రాంతపు టెలిఫోన్లకు పూర్వం 08418 కోడ్ ఉండేది, నగరమునకు 040. తరువాత ఇక్కడి అనేక సంస్థల నంబర్లు 040 కిందకు వచ్చినవి. 2000 దశకములో సమీప ఎస్టీడీ కాల్స్‌కు సున్నాకు బదులు 95 చేర్చి డయల్ చేసిన సంగతి పాతవారికి గుర్తుండే ఉండును.

ఈ కోడ్‌ల ప్రస్తావన గేట్‌వేకు ఎంతో అవసరము. మనిషి నంబరు చూసి కోడ్ అవసరమో కాదో గ్రహించగలడు, యంత్రము గ్రహించలేదు. అందుచేత ఫ్యాక్స్ సర్వరులో దేశపు కోడ్ 91, స్థానిక కోడ్ 40, ఎస్టీడీకి 0, అంతర్జాతీయ కాల్‌కు 00 అని ముందుగా నమోదు చేయవలసి ఉంటుంది. అడ్రసు పుస్తకములో ప్రతి నంబరును దేశపు కోడ్‌తో సహా ఒకే తీరున వ్రాసుకొనుట ఉత్తమము.

ఇక ఏర్పాటు విషయము. లినక్స్ సర్వరుపై పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేరు, హైలాఫ్యాక్స్ అనే ఫ్యాక్స్ సాఫ్ట్‌వేరు, ఒక ఫ్యాక్స్ మోడెమ్, ఒక టెలిఫోన్ లైను ఉన్న చాలును. ఈ రెండు సాఫ్ట్‌వేర్లు ఉచితముగా లభించేవే. ముందుగా సంస్థ డొమైను కింద ఫ్యాక్స్ కొరకు ప్రత్యేకముగా ఒక ఉపడొమైను నిర్ణయిస్తారు. పంపదలచినవారు చిరునామాలో ఎట్ గుర్తుకు ముందు ఫ్యాక్స్ నంబరు, తరువాత ఆ ఉపడొమైను వ్రాస్తారు. ఆ ఉపడొమైనుకు వచ్చిన ప్రతి ఉత్తరమును ఫ్యాక్స్ దారికి మళ్లించవలెనని పోస్ట్‌ఫిక్స్ ట్రాన్స్‌పోర్ట్ పట్టికలో ఒక వరుస వ్రాస్తారు. మాస్టర్ ఫైలులో ఆ దారికి హైలాఫ్యాక్స్ వారి ఫ్యాక్స్‌మెయిల్ ప్రోగ్రామును జతపరుస్తారు. ఒకే ఉత్తరము పది నంబర్లకు వెళ్లవలసి ఉన్నను, ఒక్కొక్క నంబరును విడివిడిగా అప్పగించునట్లు గ్రహీతల పరిమితిని ఒకటిగా ఉంచవలెను. ఈ చిన్న వరుస మరచినచో తక్కిన తొమ్మిది నంబర్లకు ఫ్యాక్స్ సరిగా వెళ్లదు.

తెలుగులో పంపేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఫ్యాక్స్ అనగా కాగితపు బొమ్మ. అవతలివారి వద్ద ఫాంటు ఉన్నదా లేదా అనే ప్రశ్న రాదు. యూనికోడ్ వాడుక స్థిరపడక పూర్వము, ఒక కార్యాలయపు ఫాంటులో టైపు చేసిన పత్రికా ప్రకటన మరొక చోట ఈ-మెయిల్‌లో తెరిస్తే అర్థము కాని గుర్తులుగా కనిపించేది. ఫ్యాక్స్‌లో వచ్చినది మాత్రం మసకగానైనా చదువదగి ఉండేది. ఫ్యాక్స్ చిరకాలము నిలుచుటకు పత్రికా రంగములో ఇది ఒక ముఖ్య కారణము. గేట్‌వేలో ఆ సౌలభ్యము దానంతట అది రాదు. ఉత్తరము మధ్యలో నేరుగా టైపు చేసిన తెలుగును ఫ్యాక్స్‌మెయిల్ సరిగా ముద్రించలేదు. కావున తెలుగు ప్రకటనను ఫాంటు ఇమిడి ఉన్న పీడీఎఫ్‌గా మార్చి జతపరచవలెను. సాధారణ నాణ్యతలో ఫ్యాక్స్ నిలువున అంగుళమునకు 98 గీతలే గీస్తుంది. వత్తులు, గుణింతాలు కలిసిపోతాయి. ఫైన్ నాణ్యతలో 196 గీతలు. పంపే సమయము పెరిగినప్పటికీ తెలుగుకు ఫైన్ తప్పనిసరి అని భావించవచ్చును.

భద్రత విషయములో ఉపేక్ష తగదు. ఈ ఉపడొమైనును బయటివారికి తెరిచి ఉంచినచో, ఎవరైనా ప్రభుత్వ లైనుపై విదేశాలకు ఫ్యాక్స్‌లు పంపవచ్చును; బిల్లు కార్యాలయమునకు వస్తుంది. పంపినవారి చిరునామా చూసి అనుమతించుట చాలదు, ఆ చిరునామాను నకిలీ చేయుట సులభము. కార్యాలయ నెట్‌వర్క్ నుండి గాని, పాస్‌వర్డుతో ప్రవేశించినవారి నుండి గాని వచ్చిన ఉత్తరాలనే స్వీకరించునట్లు నిబంధన పెట్టవలెను. అంతర్జాతీయ కాల్స్ అవసరము లేని చోట లైనుపైనే వాటిని నిలిపివేయించుట మేలు.

వచ్చే ఫ్యాక్స్‌లకు ఇదే సర్వరు ఉపకరిస్తుంది. మోడెమ్ అందుకొనిన పుటలను పీడీఎఫ్‌గా మార్చి నిర్ణీత మెయిల్ పెట్టెకు పంపునట్లు అమర్చవచ్చును. థర్మల్ కాగితముపై అక్షరాలు వెలిసిపోవునని జిరాక్స్ తీసి ఫైలులో పెట్టవలసిన పని దీనితో తప్పుతుంది.

పంపిన ఫ్యాక్స్ చేరినదా అనే ప్రశ్నకు సమాధానము ఎంత ముఖ్యమో 2018 నవంబరు 21న జమ్మూకాశ్మీరులో దేశమంతా చూసినది. ప్రభుత్వ ఏర్పాటుకు అవకాశము కోరుతూ మాజీ ముఖ్యమంత్రి మెహబూబా ముఫ్తీ పంపదలచిన లేఖ రాజ్‌భవన్ ఫ్యాక్స్‌కు చేరలేదని ఆమె ప్రకటించినారు. ఆ రాత్రే శాసనసభ రద్దయినది. సెలవు దినము కావున ఫ్యాక్స్ వద్ద ఎవరూ లేరని గవర్నరు సత్యపాల్ మాలిక్ తరువాత వివరణ ఇచ్చినారు.

గేట్‌వేలో ఈ విషయమును మూడు దశలుగా చూడవలసి ఉంటుంది. మెయిల్ సర్వరు ఉత్తరమును స్వీకరించినది అనగా ఫ్యాక్స్ వెళ్లినదని అర్థము కాదు. అది వరుసలో చేరినది, అంతే. అవతలి యంత్రము పుట అందినట్లు సంకేతము ఇచ్చిన తరువాతనే అది చేరినట్లు. ఆ పుటను ఎవరైనా తీసి చదివినారా అన్నది మూడవ సంగతి, దానిని ఏ సర్వరూ చెప్పలేదు. లైను ఖాళీ లేనప్పుడు హైలాఫ్యాక్స్ తనంత తానే మరల డయల్ చేస్తుంది. మార్పు చేయనిచో మూడు గంటల వరకు ప్రయత్నించి విరమిస్తుంది. రాత్రి మూసి ఉండే కార్యాలయానికి వాన హెచ్చరిక పంపేవారు ఈ గడువును పెంచుకొనవలెను. విఫలమైన ప్రతి ఫ్యాక్స్ సమాచారము పంపినవారికే గాక విధి నిర్వహణలో ఉన్న మరొకరికి కూడా ఈ-మెయిల్‌లో చేరునట్లు చూడవలెను. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 13వ సెక్షను ఎలక్ట్రానిక్ రికార్డు పంపిన, అందిన సమయాలను ప్రత్యేకముగా నిర్వచించినందున, సర్వరు గడియారము సరిగా ఉండుట, లాగ్‌లు భద్రపరచుట కేవలము సాంకేతిక విషయాలు కావు.

రాగి తీగ స్థానములో ఫైబరు వచ్చిన చోట్ల మాటను కుదించి పంపే పద్ధతిలో ఫ్యాక్స్ శబ్దాలు చెడిపోతాయి. అట్టి చోట లైను ఇచ్చే సంస్థ టి.38 పద్ధతిని గాని, కుదింపు లేని జి.711ను గాని అనుమతించునో లేదో మోడెమ్ కొనుటకు ముందే విచారించుకొనవలెను.