చదువు ఉమ్మడి.. వివరాలు సొంతం

ఒకే వేదిక, ఒకే ఐడీ, దేశంలోని కాలేజీలన్నిటికీ కలిపి ఒకే ఆన్‌లైన్ తరగతి. ప్రభుత్వ ఉన్నత విద్యకు ఇది మేలిమలుపే. మరి అక్కడ పోగుపడుతున్న విద్యార్థుల సమాచారానికి కాపలా ఎవరు?

చిన్న ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే, ఒకప్పుడు ఆ సబ్జెక్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇప్పుడు అదే కాలేజీ అమ్మాయి ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని ఫోన్లో వింటోంది. 2017 జులైలో మొదలైన ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల వేదిక చలవ ఇది. సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయంలో చదువుకునే వీలును యూజీసీ 2021లో కల్పించింది. అదే ఏడాది అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. ఎక్కడ చదివినా క్రెడిట్లు విద్యార్థి ఖాతాలో జమవుతాయి. సొంతంగా సర్వర్లు, సాఫ్ట్‌వేర్ సమకూర్చుకునే స్తోమత మన కాలేజీల్లో చాలావాటికి లేదు. అందుకే ఉమ్మడి వేదికలు కావాలి, ఇంకా పెరగాలి.

క్లిక్కు క్లిక్కుకో జాడ

మనం ఏ పేజీ దగ్గర ఆగిపోయామో లైబ్రరీ పుస్తకం ఎవరికీ చెప్పదు. ఆన్‌లైన్ పాఠం అలా కాదు. ఎప్పుడు లాగిన్ అయ్యామో, వీడియో ఎక్కడ ఆపామో, ఏ ప్రశ్న ఎన్నిసార్లు తప్పామో, ఏ ఫోన్ వాడామో అన్నీ నమోదు చేయగలదు. విడివిడిగా చూస్తే ఇవి చిన్న విషయాలే. మూడేళ్లవి కలిపి, స్కాలర్‌షిప్ దరఖాస్తులోని కులం, ఆదాయం వివరాలను కూడా ఆ క్రెడిట్ల ఖాతా ఐడీ లాంటి ఒకే నంబరు కిందికి తెస్తే, ఒక మనిషి బతుకంతా తెరమీదికొస్తుంది.

ఆ ఐడీ నంబరు తీసుకోవడం ఎలా ఉంటుందో నెట్ సెంటర్‌కి వెళ్తే తెలుస్తుంది. కౌంటర్ మీద ఆధార్ జిరాక్సు. దానికి లింకైన ఫోన్ నాన్నది, ఆయనేమో పనిలో ఉంటాడు. ‘‘నాన్నా, మెసేజొచ్చింది చూడు, ఆ ఆరంకెలూ చెప్పు’’ అని అమ్మాయి ఫోన్ చేస్తుంది. విన్న అంకెల్ని నలుగురిలో పైకి చదువుతుంది. ఆపరేటర్ టైప్ చేస్తాడు. ‘నేను అంగీకరిస్తున్నాను’ దగ్గర టిక్కు కూడా అతనే పెడతాడు. రికార్డుల్లో మాత్రం అది విద్యార్థి సమ్మతి!

పడగ్గది దాకా పరీక్ష

అమెరికాలోని ఒహాయోలో క్లీవ్‌లాండ్ స్టేట్ అనే ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. 2021లో ఓ విద్యార్థి ఇంటినుంచి కెమిస్ట్రీ పరీక్ష రాయబోతుండగా వెబ్‌క్యామ్‌తో గదంతా చూపించమన్నారు. అది అతని పడగ్గది. పన్నుల కాగితాలు అక్కడే ఉన్నాయి. అయినా చూపించాడు, అది రికార్డయింది. తర్వాత కోర్టుకెళ్లాడు. అలా గదిని సోదా చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో ఫెడరల్ జిల్లా కోర్టు తేల్చింది.

మనకూ ఆ రక్షణ ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానాకు అందులో వీలుంది. అయితే రాయితీలు, సేవలు, సర్టిఫికెట్లు ఇచ్చే సందర్భాల్లో ప్రభుత్వ సంస్థలు కొన్ని షరతులతో, కొత్తగా సమ్మతి అడగకుండానే వివరాలు వాడుకునే వెసులుబాటు అందులోనే ఉంది. ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి అసలు చిక్కు ఇక్కడే.

నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో తెలిసిందే. బడుల కోసం నడిచే ‘దీక్ష’ యాప్‌కి చెందిన క్లౌడ్ నిల్వకు సరైన రక్షణ లేక, పది లక్షలమందికి పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు బయటికి కనిపించాయని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక రాసింది.

కాలేజీలు ఏం చేయాలి?

పాఠానికి, పరీక్షకు అవసరమైనవే అడగాలి. కోర్సు ముగిశాక క్రెడిట్లు ఉంచి, క్లిక్కుల చిట్టా చెరిపేయాలి. ఆన్‌లైన్ వేదికను నడిపే కంపెనీతో ఒప్పందంలో ఆ గడువు రాయాలి, విద్యార్థుల సమాచారాన్ని మరో పనికి వాడకూడదన్న షరతు పెట్టాలి, ఆ ఒప్పందాన్ని తెలుగులో నోటీసుబోర్డులో పెట్టాలి. ఆధార్ నంబర్లున్న ఎక్సెల్ షీట్లు క్లాసు వాట్సాప్ గ్రూపుల్లోకి రాకూడదు. ఐడీల నమోదు కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లోనే, విద్యార్థి చేతులతోనే జరగాలి.

డబ్బున్న కుటుంబం నచ్చకపోతే మరో కాలేజీ చూసుకుంటుంది. ప్రభుత్వ కాలేజీ తప్ప గతిలేని విద్యార్థికి ‘వద్దు’ అనే వీలు లేదు. అనలేని వాళ్ల తరఫున గీత గీయాల్సింది యూనివర్సిటీయే. ఆ గీతను వచ్చే అకడమిక్ కౌన్సిల్ సమావేశంలోనే గీయాలి.