ఆగిన గుండెకు సూదిమందు ఏ దారిన?

వనపర్తి: మనిషి ఉన్నట్టుండి కుప్పకూలితే పల్లెల్లో మొదట వినిపించే మాట “సూది వేయించండి” అని. ఒకరు ఆర్.ఎం.పి. డాక్టరు కోసం పరుగెత్తుతారు, ఇంకొకరు నోట్లో నీళ్లు పోస్తారు. జబ్బకో, పిరుదుకో ఒక సూది పడితే చాలు, ప్రాణం నిలబడుతుందన్న నమ్మకం గద్వాల నడిగడ్డ నుంచి నాగర్‌కర్నూల్ వరకు ఉన్నదే. నిజంగా గుండె ఆగిన మనిషికి మాత్రం ఆ సూది పనిచేయదు.

లోపం మందుది కాదు, దారిది. కండకు వేసిన మందును మోసుకుపోయేది రక్తం. గుండె ఆగితే రక్తం కదలదు. జూరాల కాలువకు నీళ్లు బందైనాక తూము దగ్గర ఎరువు కలిపితే చివరి ఆయకట్టుకు చేరుతుందా? ఇదీ అంతే. నాలుక కింద పెట్టే మాత్ర సంగతీ వేరు కాదు. అది ఛాతీ నొప్పితో మెలకువగా ఉన్నవారికి డాక్టరు సలహాపై ఇచ్చేది. స్పృహ లేని మనిషి నోట్లో ఏది పోసినా ఊపిరి గొట్టానికి అడ్డం పడే ప్రమాదముంది.

ఇలాంటప్పుడు వైద్యులు వాడే మందు అడ్రినలిన్. మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి ఒక మిల్లీగ్రాము చొప్పున, మొదట చేతి నరానికే ఇస్తారు. వెంటనే 20 మిల్లీలీటర్ల సెలైన్ నెట్టి, ఆ చేతిని పది ఇరవై సెకన్లు పైకెత్తి పడతారు. ఇంత చేసినా, పక్కన ఒకరు ఛాతీని నొక్కుతూ ఉంటేనే మందు గుండెకు చేరుతుంది. నొక్కడం ఆపితే చేతిలోనే నిలిచిపోతుంది.

రక్తప్రసరణ ఆగినప్పుడు నరాలు ముడుచుకుపోయి సూదికి దొరకవు, పసిపిల్లల్లో మరీ కష్టం. అప్పుడు మోకాలి కింది ఎముకలోకి ప్రత్యేకమైన సూది దించి మందు ఎక్కిస్తారు. ఎముక లోపలి మూలుగ నరంలా ముడుచుకుపోదు, అక్కడి నుంచి మందు రక్తంలోకి వెళుతుంది. అలాగని ఎముక దారి మేలైనదని కాదు. బ్రిటన్‌లో ఆరువేల మందికి పైగా, డెన్మార్క్‌లో సుమారు 1,500 మందిపై జరిపిన పరీక్షల ఫలితాలు 2024లో వెలువడ్డాయి. ఎముకతో మొదలుపెట్టినా, నరంతో మొదలుపెట్టినా బతికినవారిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

సినిమాల్లో చూపినట్టు పొడవాటి సూదిని నేరుగా గుండెలోకి గుచ్చే పద్ధతి ఒకప్పుడు ఆసుపత్రుల్లోనూ ఉండేది. ఊపిరితిత్తికి, గుండె నాళాలకు గాయమవుతుందని, పైగా నొక్కడం ఆపవలసి వస్తుందని మానుకున్నారు. ఊపిరి గొట్టం ద్వారా మందు పోయడమూ వెనుకబడింది. రెండు, రెండున్నర రెట్లు పోసినా ఎంత ఇంకుతుందో తెలియదు.

అసలు మందు శక్తి ఎంత? బ్రిటన్‌లో ఎనిమిదివేల మందిపై జరిపిన పరీక్ష వివరాలు 2018లో వచ్చాయి. నెల తర్వాత బతికి ఉన్నవారు మందు ఇచ్చినవారిలో నూటికి 3.2, ఇవ్వనివారిలో 2.4. మెదడు బాగా దెబ్బతిన్నవారి పాలు, మందు లేకుండా బతికినవారిలో కంటే మందుతో బతికినవారిలో ఎక్కువ. మందు గుండెను కదిలించవచ్చు గానీ, అప్పటికే రక్తం అందక నష్టపోయిన మెదడును తిరిగి తేలేదు.

108 వాహనాలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో వైద్య కళాశాలలు వచ్చాయి. అయినా అమ్రాబాద్ పైభాగపు చెంచు పెంటకు బండి చేరడానికి పట్టే సమయం కళాశాలతో తగ్గదు. ఏ సాయమూ అందని ఒక్కో నిమిషానికి బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్లు తరిగిపోతుంది. ఆ నిమిషాలు ఊరివాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

పిలిచినా పలకకుండా, ఊపిరి సరిగా ఆడకుండా పడి ఉంటే ఒకరు 108కు ఫోను చేయాలి. మరొకరు గట్టి నేలపై పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు చేతులు ఒకదానిపై ఒకటి ఉంచి నొక్కాలి. పెద్దవారికైతే ఐదు సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నొక్కేవారు త్వరగా అలసిపోతారు కనుక రెండు నిమిషాలకొకసారి ఇంకొకరు అందుకోవాలి, 108 సిబ్బంది వచ్చి చేయి వేసే దాకా.