ఇంజన్ ఆయిల్ ఏది పోయాలి, ఎప్పుడు మార్చాలి? 71 వేలు కట్టాక నేర్చుకున్న పాఠం

ఫోన్ కొనాలంటే నేను వారం రోజులు స్పెసిఫికేషన్లు చదువుతా. ప్రాసెసర్ ఎన్ని నానోమీటర్లు, ర్యామ్ ఏ రకం, ఛార్జింగ్ ఎన్ని వాట్లు... ఒక్కటీ వదలను. అదే నన్ను రెండేళ్ల క్రితం "మీ కారులో ఏ ఆయిల్ ఉంది?" అని అడిగి ఉంటే, "సర్వీస్ వాళ్లు పోసిందే" అని చెప్పేవాణ్ని.

అలాంటి రోజుల్లోనే ఓ సంక్రాంతికి అమ్మానాన్నలను తీసుకుని హైదరాబాద్ నుంచి గుడివాడ బయల్దేరా. మాది చిన్న టర్బో పెట్రోల్ కారు. సూర్యాపేట ఇంకా కాస్త దూరం ఉందనగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి దీపం గుర్తు ఒకసారి వెలిగి ఆరిపోయింది. "ఏదో లైట్ వెలిగిందిరా, ఆపి చూడు" అన్నారు నాన్న. "సెన్సర్ గ్లిచ్ అయ్యుంటుంది నాన్నా, సర్వీస్‌కి ఇంకా మూడు వేల కిలోమీటర్ల పైనే ఉంది" అన్నా. పది కిలోమీటర్లు పోయామో లేదో, బానెట్ కింద నుంచి ఈల వేసినట్టు శబ్దం. పికప్ పోయింది. రోడ్డు పక్క మెకానిక్ డిప్‌స్టిక్ లాగి చూపించాడు. కొసన తడి కూడా లేదు. "ఆయిల్ ఎన్నడు చూసిన్రు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

టర్బో పోయింది. బిల్లు 71 వేలు. వారంటీ ఉంది కదా అనుకున్నా, అదీ వర్తించలేదు. సర్వీస్ బుక్‌లో "10,000 కి.మీ. లేదా 12 నెలలు, ఏది ముందైతే అది" అని స్పష్టంగా ఉంది. నేను కిలోమీటర్ల వరకే చదివా. చివరిసారి ఆయిల్ మార్చి అప్పటికి 17 నెలలు.

ఆ తర్వాతే ఈ సబ్జెక్ట్‌ని ఫోన్ స్పెసిఫికేషన్ల లాగా కూర్చుని చదివా. మీకు ఆ 71 వేలు మిగలాలని ఇప్పుడు రాస్తున్నా.

డబ్బా మీద నంబర్లు ఏం చెబుతున్నాయి?

5డబ్ల్యూ-30 అని ఉందనుకోండి. ఇది ఎస్ఏఈ సంస్థ నిర్ణయించిన చిక్కదనం గ్రేడ్. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే, చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. వెనకున్న 30 అనేది ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనం. దీన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలుస్తారు. అంకె పెరిగే కొద్దీ ఆయిల్ చిక్కగా ఉంటుంది.

ఇక్కడే మనవాళ్లలో ఒక పెద్ద అపోహ ఉంది. "మన ఎండలకు పల్చటి ఆయిల్ ఆగదు, 20డబ్ల్యూ-50 పోయించు" అంటారు. పాత ఇంజన్లకు ఆ మాట సరిపోయేదేమో. కొత్త వాటికి మాత్రం కాదు. బయట రామగుండం ఎండ ఉన్నా, లంబసింగి చలి ఉన్నా, వేడెక్కిన ఇంజన్‌ను థర్మోస్టాట్ దాదాపు ఒకే వేడి దగ్గర ఉంచుతుంది. పైగా ఇప్పటి ఇంజన్లలో వాల్వ్ టైమింగ్‌ను మార్చే భాగాలు ఆయిల్ ప్రెషర్‌తోనే కదులుతాయి. వాటిలో ఆయిల్ దారులు చాలా సన్నగా ఉంటాయి. అనుకున్న దానికంటే చిక్కటి ఆయిల్ పోస్తే అవి సరిగ్గా స్పందించవు, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు పై భాగాలకు ఆయిల్ చేరడమూ ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది.

అలాగని పల్చటిది ఎక్కువ మంచిదనీ కాదు. 0డబ్ల్యూ-16 కోసం డిజైన్ చేసిన ఇంజన్లు ఉన్నాయి, 5డబ్ల్యూ-40 అడిగేవీ ఉన్నాయి. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాసుంటే అదే పోయాలి.

గ్రేడ్ ఒక్కటే చూస్తే సగం స్పెక్ చదివినట్టే

రెండు ఫోన్లకూ 8 జీబీ ర్యామ్ ఉన్నంత మాత్రాన ఒకేలా పనిచేయవు కదా. ఆయిల్ కూడా అంతే. 5డబ్ల్యూ-30 అని రాసున్న రెండు డబ్బాల్లో రసాయనాలు వేర్వేరుగా ఉండొచ్చు. అందుకే గ్రేడ్ కింద చిన్న అక్షరాల్లో ఉండే స్టాండర్డ్ చూడాలి.

పెట్రోల్ కార్లకు ఏపీఐ రేటింగ్ ముఖ్యం. 2010లో ఎస్ఎన్ వచ్చింది, 2020 మేలో ఎస్‌పీ వచ్చింది, 2025లో ఎస్‌క్యూ వచ్చింది. నాలాంటి టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ కార్ల వాళ్లకు ఎస్‌పీ లేదా ఆ పైది ఎందుకు కావాలంటే, తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేర్‌లో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, స్పార్క్ పడకముందే సిలిండర్లో ఇంధనం అంటుకునే ప్రమాదం ఉంది. దీన్ని ఎల్ఎస్‌పీఐ అంటారు. ముదిరితే పిస్టనే పగలొచ్చు. ఆయిల్‌లో కలిపే కాల్షియం పాళ్లు కూడా దీనికి ఒక కారణం. ఎస్‌పీ ఆయిల్ దీన్ని అడ్డుకుంటుందా, టైమింగ్ చైన్ అరుగుదలను తగ్గిస్తుందా అన్నది పరీక్షించాకే ఆ రేటింగ్ ఇస్తారు.

డీజిల్ కారైతే ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అమల్లోకి వచ్చాక డీజిల్ కార్లలో పొగను వడకట్టే డీపీఎఫ్ ఫిల్టర్ మామూలైపోయింది. అందులో పేరుకున్న మసిని కారు తనే కాల్చేసుకుంటుంది. కానీ ఆయిల్ కాలితే మిగిలే బూడిద అలా పోదు, ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఈ కార్లకు బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కావాలి. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటివి కనిపిస్తాయి. మీ మాన్యువల్ అడిగిన అక్షరం, అంకె రెండూ కలవాలి.

మినరలా, సింథటిక్కా అన్న ప్రశ్న ఈ రెండింటి తర్వాతే. 0డబ్ల్యూ, 5డబ్ల్యూ గ్రేడ్లు మామూలుగా సింథటిక్‌లోనే దొరుకుతాయి కాబట్టి కొత్త కార్లకు ఆ ప్రశ్న దానంతటదే తీరిపోతుంది.

కిలోమీటర్లు ఎందుకు మోసం చేస్తాయంటే

నేను కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్తా. పోను 14 కి.మీ., రాను 14. వారానికి మూడు రోజులు ఆఫీస్. 17 నెలలకు సుమారు 6,200 కి.మీ. తిరిగా. "పది వేలు కాలేదుగా" అన్న నా ధీమా దీని మీదే.

ఇప్పుడు ఇదే లెక్క గంటల్లో వేద్దాం. ట్రాఫిక్‌లో ఆ 14 కి.మీ.కి గంట పడుతుంది. అంటే 6,200 కి.మీ.కి ఇంజన్ సుమారు 440 గంటలు తిరిగింది. అదే హైవే మీద సగటున 60 వేగంతో తిరిగే వ్యక్తికి 10,000 కి.మీ. పూర్తయ్యేసరికి 167 గంటలే అవుతుంది. అతనికి సర్వీస్ టైమ్ వచ్చేలోపు నా ఆయిల్ అంతకు రెండున్నర రెట్లకు పైగా పనిచేసింది. ఓడోమీటర్‌కు మాత్రం ఇది కనిపించదు.

రెండు, మూడు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే వాళ్లకు ఇంకో సమస్య. ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోల్ బయటకు పోవు. అందుకే మాన్యువల్ వెనక పేజీల్లో "కఠిన పరిస్థితుల" టేబుల్ ఒకటి ఇస్తారు. ఆగి ఆగి వెళ్లే ట్రాఫిక్, చిన్న ప్రయాణాలు, దుమ్ము రోడ్లు అందులోకే వస్తాయి. చాలా కార్లకు అక్కడ గడువు సగానికి తగ్గిపోతుంది. ఆ టేబుల్ చదువుతుంటే నా ఆఫీస్ రూట్ చూసి రాసినట్టే ఉంది.

కొన్ని కార్లలో స్క్రీన్ మీద ఆయిల్ లైఫ్ శాతం కనిపిస్తుంది. మంచి ఫీచరే. కానీ చాలావరకు అది ఆయిల్‌ను పరీక్షించి చెప్పే మాట కాదు. ఆర్‌పీఎం, ఉష్ణోగ్రత, ఎన్నిసార్లు స్టార్ట్ చేశారు లాంటివి లెక్కేసి చెప్పే అంచనా. మీరు తప్పు ఆయిల్ పోయించినా ఆ లెక్కకు తెలియదు. రంగు చూసి కూడా నిర్ణయించకండి. డీజిల్‌లో కొత్త ఆయిల్ కూడా కొద్ది రోజుల్లోనే నల్లబడుతుంది.

నెలకోసారి ఐదు నిమిషాలు

ఆయిల్ పాతబడటం ఒక ఎత్తు, తగ్గిపోవడం ఇంకో ఎత్తు. నా కారును దెబ్బతీసింది రెండోదే. టర్బో ఇంజన్లు కొంచెం కొంచెంగా ఆయిల్ తాగడం ఉన్నదే. 17 నెలల్లో నేను ఒక్కసారీ చూడలేదు.

చూడటం చాలా సులువు. కారును చదునైన చోట ఆపండి. వేడెక్కిన ఇంజన్ ఆఫ్ చేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పూర్తిగా పెట్టి తీయండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. కింది గీత దగ్గరుంటే అదే స్పెక్ ఆయిల్ కొద్దికొద్దిగా పోసి చూసుకోండి. పై గీత దాటించొద్దు. ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ తగిలి నురగ వస్తుంది. డీజిల్ కారులో మీరు పోయకుండానే లెవల్ పెరుగుతోందంటే, డీపీఎఫ్ మసి కాల్చేందుకు అదనంగా వదిలిన డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందేమో చూపించండి.

ఎర్ర దీపం వెలిగితే మాత్రం మాటల్లేవు. అది "సర్వీస్ టైమ్ అయింది" అని చెప్పే గుర్తు కాదు, ఆయిల్ ప్రెషర్ పోయిందని చెప్పే హెచ్చరిక. పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేయాలి. వెలిగి ఆరిపోయినా సరే. మలుపులోనో బ్రేక్ వేసినప్పుడో అడుగున మిగిలిన కాస్త ఆయిల్ పక్కకు జరిగితే కూడా అలాగే వెలుగుతుంది.

ఇప్పుడు నేనేం చేస్తున్నా?

మాన్యువల్‌లోని గ్రేడ్, స్టాండర్డ్ రెండూ ఫోన్‌లో నోట్ చేసి పెట్టుకున్నా. ఆయిల్ సీల్డ్ డబ్బాలోనే, బిల్లుతోనే కొంటా. నా ముందే సీల్ తీయమంటా. ప్రతిసారీ ఆయిల్ ఫిల్టర్ కూడా మార్పిస్తా. గడువు 5,000 కి.మీ. లేదా 6 నెలలు, ఏది ముందైతే అది. నెల మొదటి ఆదివారం డిప్‌స్టిక్ చూడమని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా. ఒక ఆయిల్ మార్పిడికి నాకయ్యేది 4,500 లోపే. ఆ 71 వేలతో పదిహేనుసార్లు మార్పించుకోవచ్చు.

మొన్న ఊరెళ్లేటప్పుడు బయల్దేరే ముందు బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తుడుస్తుంటే నాన్న వచ్చి పక్కన నిలబడ్డారు. "ఎంతుంది?" అన్నారు. "పై గీత దగ్గరుంది నాన్నా" అన్నా. "సరే, పద" అన్నారు.